డీజిల్ కార్లు: ఒక ఇటలీ ఇంజిన్ మన రోడ్లను ఎలా ఏలింది? ఎందుకు ఒక్కసారిగా మాయమైంది?

విజయవాడ ఆటోనగర్‌లోని ఏదో ఒక షెడ్డులో పాత మారుతి స్విఫ్ట్ డీజిల్, టాటా ఇండికా విస్టా క్వాడ్రాజెట్, ఫియట్ పుంటో పక్కపక్కన ఆగి ఉన్నాయనుకుందాం. మూడు కంపెనీలు, మూడు షోరూములు, మూడు రకాల ప్రకటనలు. బానెట్లు ఎత్తితే మాత్రం మెకానిక్‌కు కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు. మూడింట్లోనూ ఉన్నది ఒకే ఇంజిన్. ఇటలీ కంపెనీ ఫియట్‌కు చెందిన 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్.

భారత ఆటోమొబైల్ జర్నలిస్టులు దీనికి సరదాగా 'జాతీయ ఇంజిన్' అని పేరు పెట్టారు. మారుతి, టాటా, ఫియట్, షెవర్లే, ప్రీమియర్ కంపెనీల కార్లను కలిపి లెక్కేస్తే, ఈ ఒక్క ఇంజిన్ మన దేశంలో 20కి పైగా మోడళ్లను నడిపించింది. పెళ్లికి అద్దెకు తెచ్చిన డిజైర్ నుంచి, ఊళ్లో కొత్తగా కొన్న బ్రెజా వరకు దాదాపు ప్రతి తెలుగు కుటుంబం ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇంజిన్ మీద ప్రయాణించే ఉంటుంది.

2020 ఏప్రిల్ 1 తర్వాత ఆ ఇంజిన్‌తో కొత్త కారు ఒక్కటి కూడా షోరూముకు రాలేదు. దేశంలో అత్యధికంగా అమ్ముడైన కార్ల ఇంజిన్ అలా ఎలా ఆగిపోయింది? కాలుష్య నిబంధనలు మారడం వల్లనే అన్నది తరచూ వినిపించే జవాబు. అది నిజమే కానీ, సగం నిజం. మిగతా సగం తెలియాలంటే కార్ల కంపెనీలు ఇంజిన్లను, ప్లాట్‌ఫామ్‌లను ఎందుకు పంచుకుంటాయో, ఆ పంపకంలో ఎవరి వాటా ఏమిటో చూడాలి.

చొక్కా వేరు, ఎముకల గూడు ఒకటే

ప్లాట్‌ఫామ్ అంటే కారు అడుగు భాగం. ఫ్లోర్, సస్పెన్షన్, స్టీరింగ్ అమరిక, ఇంజిన్ కూర్చునే చోటు, ప్రమాదంలో దెబ్బను తట్టుకునే ఉక్కు చట్రం అన్నీ అందులో భాగం. కొనేవాళ్లకు ఇవేవీ కనిపించవు. కానీ కారు తయారీలో ఎక్కువ డబ్బు, ఎక్కువ సమయం తినేవి ఇవే. పైన వేసే చొక్కా మార్చి, లోపలి ఎముకల గూడును నాలుగైదు మోడళ్లకు వాడుకోవడమే ప్లాట్‌ఫామ్ షేరింగ్.

ఇంజిన్ విషయంలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉదాహరణకు ఒక కొత్త డీజిల్ ఇంజిన్ రూపకల్పనకు, పరీక్షలకు, తయారీ లైన్‌కు కలిపి 2,000 కోట్ల రూపాయలు ఖర్చయిందనుకుందాం. ఆ కంపెనీ 2 లక్షల ఇంజిన్లు మాత్రమే అమ్మితే ఒక్కోదాని మీద లక్ష రూపాయల భారం పడుతుంది. 20 లక్షలు అమ్మితే అది 10 వేలకు దిగుతుంది. పోటీ కంపెనీకి తన ఇంజిన్ అమ్మడం పైకి వింతగా అనిపించినా, ఆ 2 లక్షల అంకెను 20 లక్షలకు తీసుకెళ్లే దారి అదే.

అందుకే ఈ వ్యాపారంలో విచిత్రమైన బంధుత్వాలు కనిపిస్తాయి. రెనో కంపెనీ 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ మన దగ్గర డస్టర్‌లో, నిస్సాన్ సన్నీలో, మహీంద్రా వెరిటోలో నడిచింది. అదే కుటుంబానికి చెందిన ఇంజిన్ యూరప్‌లో మెర్సిడెస్ ఏ-క్లాస్‌లోనూ కూర్చుంది. వెరిటోను ట్యాక్సీగా తిప్పిన డ్రైవర్, జర్మనీలో మెర్సిడెస్ కొన్న ఉద్యోగి ఒకే ఇంజిన్‌కు ఖాతాదారులన్నమాట.

విడాకులు తీసుకున్నా ఆగని ఇంజిన్

ఫియట్ ఇంజిన్ కథ కూడా ఇలాంటి బంధుత్వంతోనే మొదలైంది. 2000లో ఫియట్, జనరల్ మోటార్స్ చేతులు కలిపాయి. ఇంజిన్ల కోసం ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. 2003లో పోలండ్‌లోని బీల్స్కో-బియావా ఫ్యాక్టరీలో 1.3 మల్టీజెట్ తయారీ మొదలైంది. కామన్ రైల్ పద్ధతిలో డీజిల్‌ను ఒక్కసారిగా కాకుండా, ఒక్కో మండే దశలో పలు చిన్న మోతాదులుగా చిమ్మడం దీని ప్రత్యేకత. దాంతో చిన్న డీజిల్ ఇంజిన్లకు మామూలుగా ఉండే కర్ణకఠోరమైన శబ్దం తగ్గింది, మైలేజీ పెరిగింది. 2005లో తన తరగతిలో 'ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ద ఇయర్' అవార్డు కూడా గెలుచుకుంది.

అదే ఏడాది ఫియట్, జీఎం విడిపోయాయి. ఫియట్ కార్ల వ్యాపారాన్ని కొనాల్సిన బాధ్యత నుంచి బయటపడటానికి జీఎం 155 కోట్ల యూరోలు చెల్లించింది. కంపెనీలు విడాకులు తీసుకున్నా ఇంజిన్ మాత్రం రెండిళ్లలోనూ కొనసాగింది. ఫియట్ పాండా, ఓపెల్ కోర్సా, ఫోర్డ్ కా, సుజుకి స్విఫ్ట్... యూరప్‌లో అన్నిటికీ అదే దిక్కయింది. ఫియట్ దాన్ని మల్టీజెట్ అంటే, ఓపెల్ సీడీటీఐ అంది, సుజుకి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది, షెవర్లే స్మార్టెక్ అంది.

సుజుకి దీని లైసెన్స్ తీసుకుని హరియాణాలోని మానేసర్‌లో తయారీ మొదలుపెట్టింది. 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్ మార్కెట్లోకి వచ్చింది. మరోవైపు ఫియట్, టాటా ఉమ్మడి సంస్థ మహారాష్ట్రలోని రంజన్‌గావ్‌లో ఇదే ఇంజిన్‌ను తయారు చేసింది. డిమాండ్ ఎంతగా పెరిగిందంటే, సొంత ఉత్పత్తి చాలక మారుతి 2012లో ఏడాదికి లక్ష ఇంజిన్ల వరకు ఫియట్ దగ్గర కొనేందుకు ఒప్పందం చేసుకుంది. మార్కెట్ లీడర్, తనకు పోటీగా కార్లు అమ్ముతున్న కంపెనీ గేటు ముందు క్యూ కట్టిందన్నమాట. అయినా ఆ పోటీదారు ఫియట్ తన సొంత కార్లను మన దేశంలో పెద్దగా అమ్ముకోలేకపోయింది. ఇంజిన్ గెలిచింది, కారు ఓడింది.

ఇంధనం ధర, పన్ను లెక్క

ఇంజిన్ ఎంత మంచిదైనా, భారత్‌లో దానికి దక్కిన ఆదరణకు అసలు కారణం పెట్రోల్ బంకు బోర్డు మీద ఉంది. పెట్రోల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010లో పోయింది. డీజిల్ మీద మాత్రం కొనసాగింది. 2012 మే నెలాఖరులో ఢిల్లీలో లీటరు పెట్రోల్ 73 రూపాయలు దాటితే, డీజిల్ 41 రూపాయల లోపే ఉంది. రైతు ట్రాక్టరు కోసం, సరుకు లారీ కోసం ఇచ్చిన సబ్సిడీని మధ్యతరగతి కారు కూడా తాగింది. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడయ్యే ప్రయాణికుల వాహనాల్లో సగానికి పైగా డీజిల్‌వే.

పన్నుల విధానం మరో చేయి వేసింది. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ లోపు ఉంటే 'చిన్న కారు' అని, పన్ను తక్కువ అని 2006 తర్వాత నిబంధన వచ్చింది. 1,248 సీసీ ఇంజిన్ ఆ గీతకు లోపలే ఉంది. కారు పొడవు మాత్రం సరిపోలేదు. అందుకే మారుతి 2012లో కొత్త డిజైర్ డిక్కీని కోసి, పొడవును 3,995 మిల్లీమీటర్లకు కుదించింది. గ్లోబల్ ప్లాట్‌ఫామ్ అయినా ఒక దేశపు పన్ను చట్టం దాని ఆకారాన్ని ఎలా మార్చేస్తుందో చెప్పడానికి ఆ పొట్టి డిక్కీ ఒక్కటి చాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ శ్లాబుల్లోనూ ఇవే కొలతలు కొనసాగుతున్నాయి. ఈ గీతకు లోపలున్న కారుకు 18 శాతం, దాటితే 40 శాతం.

ఈ రెండు ఊతకర్రల్లో మొదటిది 2014 అక్టోబర్‌లో విరిగింది. డీజిల్ ధర మీద నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ధర తొలిసారి పెట్రోల్‌ను దాటింది. కారు కొనేటప్పుడు డీజిల్‌కు అదనంగా పెట్టే లక్ష రూపాయలు తిరిగి రాబట్టుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందన్న లెక్క అప్పటికే ప్రతి కొనుగోలుదారుడి చేతిలో ఉంది.

ఏప్రిల్ 1, 2020న ఏం జరిగింది?

కేంద్రం 2016 జనవరిలో బీఎస్-5ను వదిలేసి, నేరుగా బీఎస్-4 నుంచి బీఎస్-6కు దూకాలని నిర్ణయించింది. డీజిల్ కార్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 0.25 గ్రాముల నుంచి 0.08 గ్రాములకు తగ్గింది. మసి రేణువుల పరిమితి 0.025 గ్రాముల నుంచి 0.0045 గ్రాములకు దిగింది. ఉత్తర భారత నగరాల గాలిని చూసినవారెవరూ దీన్ని తప్పు పట్టలేరు.

దీన్ని అందుకోవాలంటే డీజిల్ కారుకు మసిని పట్టే ఫిల్టర్, నైట్రోజన్ ఆక్సైడ్లను శుద్ధి చేసే వ్యవస్థ కావాలి. ఈ పరికరాలు 7 లక్షల కారుకైనా, 20 లక్షల కారుకైనా అవసరమే. పెద్ద కారు ధరలో ఆ ఖర్చు కలిసిపోతుంది. చిన్న కారు ధరలో అది కొండలా కనిపిస్తుంది. చిన్న డీజిల్ కార్లు ఇక గిట్టుబాటు కావంటూ మారుతి 2019 ఏప్రిల్‌లో డీజిల్‌కు వీడ్కోలు ప్రకటించింది. 2016 నుంచి కేవలం డీజిల్‌లోనే అమ్ముడైన బ్రెజా, 2020లో కేవలం పెట్రోల్ కారుగా మారిపోయింది.

అయితే 1.3 మల్టీజెట్‌ను బీఎస్-6కు మార్చడం సాంకేతికంగా అసాధ్యమా? కాదు. యూరో-6 ప్రమాణాలకు తగ్గట్టు మార్చిన ఇదే ఇంజిన్ యూరప్‌లో ఫియట్ టిపో వంటి కార్లలో అమ్ముడైంది. మన దేశంలో ఆ పనికి డబ్బు ఎవరు పెట్టాలన్నదే సమస్య. ఇంజిన్ సొంతదారు ఫియట్ క్రైస్లర్, 2018 జూన్ 1న ఇటలీలోని బాలోకోలో తన అయిదేళ్ల ప్రణాళికను ప్రకటిస్తూ, యూరప్‌లో 2021 నాటికి ప్యాసింజర్ కార్లలో డీజిల్‌ను వదిలేస్తామని చెప్పింది. ఫోక్స్‌వ్యాగన్ కుంభకోణం తర్వాత యూరప్‌లో డీజిల్ కార్లకు గిరాకీ పడిపోవడం దీనికి నేపథ్యం. పైగా భారత్‌లో ఫియట్ సొంత కార్ల అమ్మకాలు దాదాపు సున్నాకు చేరాయి. జీఎం 2017 చివర్లో భారత మార్కెట్ నుంచే వెళ్లిపోయింది. లైసెన్స్ మీద తయారు చేస్తున్న సుజుకికి, వేరేవారి పాత ఇంజిన్ మీద మళ్లీ పెట్టుబడి పెట్టాల్సిన అవసరం కనిపించలేదు.

అందరూ పంచుకున్న ఇంజిన్ చివరికి ఎవరిదీ కాకుండా పోయింది. దాన్ని భారీగా తయారు చేసిన, భారీగా కొన్న దేశానికి దాని భవిష్యత్తు మీద ఓటు లేదు.

సొంత ఇంజిన్ ఉంటే సరిపోయేదా?

ఇక్కడ ఒక తేలికైన ముగింపుకు రావచ్చు. పరాయి ఇంజిన్ కాబట్టి పోయింది, సొంతదైతే నిలిచేది అని. మారుతి అనుభవం ఆ మాటను ఒప్పుకోదు.

సుజుకి సొంతంగా రెండు డీజిల్ ఇంజిన్లు చేసింది. మొదటిది 793 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్. 2015లో సెలెరియోలో వచ్చి, కదలికలో కుదుపు, శబ్దం ఎక్కువన్న విమర్శల మధ్య రెండేళ్లలోపే ఆ కారు నుంచి తప్పుకుంది. రెండోది 1.5 లీటర్ల ఇంజిన్. ఫియట్ ఇంజిన్‌కు వారసుడిగా 2019 మార్చిలో సియాజ్‌లోకి వచ్చింది. మంచి పేరే తెచ్చుకుంది. సరిగ్గా ఏడాది గడిచేసరికి బీఎస్-6తో అదీ ఆగిపోయింది. సొంతదారు ఉన్నాడు, తయారీ లైన్ ఉంది, నైపుణ్యం ఉంది. పంచుకోవడానికి మరో మార్కెట్, మరో కంపెనీ లేవు. సంఖ్య లేని సొంతం కూడా నిలబడదని ఈ ఇంజిన్ చెబుతోంది.

మరి డీజిల్‌లో నిలిచిందెవరు? సొంతం, సంఖ్య రెండూ ఉన్నవారు. కొరియా గ్రూపు హ్యుందాయ్-కియా తన 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను క్రెటా, వెన్యూ, అల్కజార్, సెల్టోస్, సోనెట్, కారెన్స్ అన్నిటికీ పంచింది. ఒకే ఇంజిన్ ఖర్చు రెండు బ్రాండ్లు, అరడజను మోడళ్లు మోశాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ బయటికి వచ్చింది ఈ లెక్క మీదే. మన దగ్గర డీజిల్‌తో దొరికే సెల్టోస్, అమెరికాలో డీజిల్ లేకుండానే అమ్ముడవుతుంది. ప్లాట్‌ఫామ్ ఒకటే, ఏ దేశానికి ఏ ఇంజిన్ అన్న నిర్ణయం మాత్రం గ్రూపు చేతిలో ఉంటుంది.

మహీంద్రా దారి ఇంకొకటి. 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజిన్‌ను థార్, స్కార్పియో-ఎన్, ఎక్స్‌యూవీ700లకు పంచుకుంది. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, అంతకు మించిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేసినప్పుడు, ఆ సంస్థ వారాల వ్యవధిలోనే 1.99 లీటర్ల ఇంజిన్‌ను బయటికి తీసింది. 2016 ఆగస్టులో కోర్టు ఒక శాతం హరిత సెస్సుతో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. డిజైన్ చేతిలో ఉంటే ఎంత వేగంగా స్పందించవచ్చో ఆ ఎనిమిది నెలలు చూపించాయి. నిబంధన స్ఫూర్తిని తప్పించుకునే తెలివికీ అదే ఉదాహరణ.

టాటా పరిస్థితి మధ్యలో ఉంది. హారియర్, సఫారీలకు వాడిన 2 లీటర్ల డీజిల్ కూడా ఫియట్ కుటుంబానిదే, రంజన్‌గావ్‌లోనే తయారైంది. ఇదే ఇంజిన్ అమెరికా బ్రాండ్ జీప్ కంపాస్‌లోనూ, చైనా కంపెనీ సాయిక్ అధీనంలో మన దేశానికి వచ్చిన ఎంజీ హెక్టర్‌లోనూ నడిచింది. హారియర్ ప్లాట్‌ఫామ్‌కు మూలం బ్రిటన్ ల్యాండ్ రోవర్. ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒక ఇంజిన్‌లో ఇటలీ, అమెరికా, చైనా, భారత్ ప్రయోజనాలు ముడిపడ్డాయి. 1.3 మల్టీజెట్‌కు ఎదురైన ప్రశ్న రేపు దీనికీ ఎదురుకావచ్చు. తదుపరి నిబంధన వచ్చినప్పుడు మార్పుల ఖర్చు ఎవరు భరిస్తారు?

ఒక్క తప్పు, కోటి కార్లు

పంచుకోవడంలో ఖర్చుతో పాటు తప్పు కూడా పంచుకోవాల్సి వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ ఉదంతం అందుకు అతిపెద్ద ఉదాహరణ. ఈఏ189 అనే ఒకే డీజిల్ ఇంజిన్ కుటుంబాన్ని ఆ గ్రూపు తన అనేక బ్రాండ్లలో వాడింది. ల్యాబ్‌లో పరీక్ష జరుగుతోందని పసిగట్టి కాలుష్యాన్ని తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ దాగుందని 2015 సెప్టెంబర్‌లో అమెరికాలో బయటపడింది. ఒక దేశపు పరీక్షలో దొరికిన మోసం ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లను తాకింది.

వాటిలో 3 లక్షల 23 వేలకు పైగా భారత్‌లో ఉన్నాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి బ్రాండ్ల కార్లను కంపెనీ రీకాల్ చేయాల్సి వచ్చింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా విధించగా, ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. అంతకుముందు వరకు మన పరీక్షలు ఆ మోసాన్ని పట్టుకోలేదు. ఇంజిన్‌ను దిగుమతి చేసుకున్నంత తేలికగా, దాన్ని నిలదీసే సామర్థ్యాన్ని దిగుమతి చేసుకోలేం. ల్యాబ్ బయట, అసలు రోడ్ల మీద ఉద్గారాలను కొలిచే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2023 ఏప్రిల్ నుంచే.

ఇప్పుడు బ్యాటరీ వంతు

దేశంలో అమ్ముడవుతున్న ప్రయాణికుల వాహనాల్లో డీజిల్ వాటా ఇప్పుడు ఐదో వంతుకు దిగువన ఉంది. అదీ ఎక్కువగా పెద్ద ఎస్‌యూవీల్లోనే. పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లో 2027 నాటికి డీజిల్ నాలుగు చక్రాల వాహనాలను నిషేధించాలని పెట్రోలియం శాఖ నియమించిన కమిటీ 2023లో సూచించింది. ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు కానీ, గాలి ఎటు వీస్తోందో కంపెనీలకు అర్థమైంది.

ఈలోగా ప్లాట్‌ఫామ్ పంపకంలో భారత్ పాత్ర పెరిగింది. గుజరాత్‌లో తయారైన మారుతి ఫ్రాంక్స్, రాజస్థాన్‌లో తయారైన హోండా ఎలివేట్ జపాన్‌కే ఎగుమతి అవుతున్నాయి. సుజుకి తొలి ఎలక్ట్రిక్ కారు ఈ-విటారా గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో తయారై ప్రపంచానికి వెళ్తోంది. 2025 ఆగస్టు 26న ప్రధాని మోదీ ఎగుమతిని ప్రారంభించారు. అదే ఫ్యాక్టరీ నుంచి అదే కారు టయోటా పేరుతోనూ వెళ్తుంది. మహీంద్రా తన ఎలక్ట్రిక్ కార్లలోని కొన్ని భాగాల కోసం ఫోక్స్‌వ్యాగన్‌తో ఒప్పందం చేసుకుంది.

ఇవన్నీ గర్వించదగ్గవే. అయితే మానేసర్ లైన్ మీద తొలి డీజిల్ ఇంజిన్లు దిగినప్పుడూ ఇలాంటి మాటలే వినిపించాయి. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ స్థానాన్ని ఆక్రమించేవి బ్యాటరీ సెల్, మోటారు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్. చైనా 2025 ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన కంపెనీలు ఎంత ఆందోళన చెందాయో చూశాం. మోటారు లోపల పిడికెడు అయస్కాంతం లేకపోతే మొత్తం అసెంబ్లీ లైన్ ఆగుతుంది.

1.3 మల్టీజెట్ నేర్పిన పాఠం 'ఇతరులతో పంచుకోవద్దు' అని కాదు. పంచుకోకపోతే లక్షలాది మధ్యతరగతి కుటుంబాలకు ఆ ధరలో ఆ మైలేజీ దక్కేది కాదు. ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నిబంధనలు మారిన రోజున డిజైన్‌ను మార్చుకునే హక్కు ఎవరిది? రాష్ట్రాలు ఫ్యాక్టరీలకు భూమి, నీరు, పన్ను రాయితీలు ఇస్తున్నప్పుడు ఉద్యోగాల సంఖ్యతో పాటు ఈ ప్రశ్న కూడా బల్ల మీద ఉండాలి. పెనుకొండకైనా, రేపు బ్యాటరీ ప్లాంటు కోసం పోటీ పడే మరో ఊరికైనా ఇదే వర్తిస్తుంది.

ఆటోనగర్ షెడ్డులో ఆగిన ఆ మూడు కార్లకు మాత్రం ఇంకొన్నేళ్లు ఢోకా లేదు. అన్నిటికీ ఒకే ఇంజిన్ కాబట్టి విడిభాగాలు దొరుకుతాయి, బాగుచేసే చేతులు దొరుకుతాయి. పంచుకున్నందువల్ల దక్కిన మేలు అదే. ఆ ఇంజిన్‌కు వారసుడు లేకపోవడానికి కారణం దానిపై హక్కు మన దగ్గర లేకపోవడమే.